ఆగిన బండికి అవతలగా: రుస్తాఖ్ నుంచి రైసూత్ దాకా

ఒమన్ వెళ్లొచ్చానని చెబితే ఇక్కడ అందరూ రెండే అడుగుతున్నారు. ఒంటె ఎక్కారా అని, బంగారం కొన్నారా అని. రెండూ చేయలేదు. రెండు రోజులు ఒక పికప్ బండిలో ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూశాను. నేను మోటారు బీమా క్లెయిముల సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. రాజమండ్రి చుట్టుపక్కల నుజ్జునుజ్జయిన బండ్ల చుట్టూ తిరగడంతోనే ఉద్యోగమంతా గడిచిపోయింది. అలాంటివాడికి కొత్త దేశంలో కోటలకన్నా ముందు రోడ్డే కనిపిస్తుంది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది.

మస్కట్‌లో మా మేనల్లుడు కిశోర్ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరు. సలాలా చూడమని, విమానం టికెట్ తీస్తానని అన్నాడు. నేను రోడ్డు మీదే వెళ్తానన్నాను.

"దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు మావయ్యా. మధ్యలో ఏమీ ఉండదు" అన్నాడు.

ఏమీ లేని చోటు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు కనుక అదే చూస్తానన్నాను. వాళ్ల కంపెనీ పికప్ ఒకటి పంపుల విడిభాగాలు వేసుకుని రుస్తాఖ్ నుంచి సలాలా పక్కనున్న రైసూత్‌కి వెళ్తోంది. పైవాళ్లని అడిగి అందులో నన్ను ఎక్కించాడు.

రుస్తాఖ్

కొండల కింద ఊరు. కోట, ఖర్జూర తోటలు, వేడినీళ్ల ఊట ఉన్నాయి. ఊటలో కాళ్లు పెట్టాను, కాలాయి, తీశాను. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

నన్ను తీసుకెళ్లాల్సిన డ్రైవరు పేరు రాజన్న. జగిత్యాల పక్క పల్లెటూరివాడు, నలభై దాటినవాడు. వాళ్ల రూమ్‌లో ఆరుగురు ఉంటారు. మధ్యాహ్నం వెళితే పచ్చిపులుసు, అన్నం, వేయించిన ఎండు చేపలు పెట్టారు. మా గోదావరి వైపు పచ్చిపులుసులో వంకాయ కాల్చి వేస్తాం. వాళ్లు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నువ్వులపొడి వేశారు. ఎండలోంచి వచ్చిన ఒంటికి అది ఎక్కడలేని హాయిగా ఉంది. మళ్లీ అడిగి పోయించుకున్నాను.

రాజన్న ఊళ్లో లారీ క్లీనరుగా మొదలుపెట్టి డ్రైవరయ్యాడు. ఒమన్‌కి మాత్రం లేబర్‌గా వచ్చాడు. సిమెంటు బస్తాలు మోసీ మోసీ నడుం పోయింది. అందుకని కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాడిలా మళ్లీ బడికి వెళ్లి, పరీక్ష తప్పి, మళ్లీ రాసి, ఇక్కడి లైసెన్సు సంపాదించాడు. కంపెనీ ఆయన్ని ఇప్పుడు డ్రైవరుగా పరీక్షకు పెట్టింది.

"ఈ డ్యూటీ నిలబడితే నా నడుము బతుకుతది సార్" అన్నాడు, నడుం మీద చెయ్యి వేసుకుని. "లేకుంటే మళ్ల సైట్‌కే."

ఆ పరీక్ష పెట్టేది మనిషి కాదు. స్టీరింగ్ కింద నల్లటి డబ్బా ఒకటి ఉంది. బండి వేగం, బ్రేకు, ఎక్కడ ఆగింది, ఎటు తిరిగింది, అన్నీ అది ఆఫీసుకి చెబుతుంది. తప్పుకొక మార్కు. మూడు పడితే తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యాలి. రాజన్నకి అప్పటికే రెండు ఉన్నాయి. ఒకటి కొండ దిగుతున్నప్పుడు వేగం పెరిగిందని. రెండోది ఒంటె అడ్డొస్తే గట్టిగా బ్రేకు వేశాడని.

"ఒంటెను గుద్దాల్సిందా మరి?" అన్నాను.

"డబ్బాకు ఒంటె కనబడదు గద సార్" అన్నాడు రాజన్న.

ఆదమ్ దారిలో

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. కొండలు దాటి, నిజ్వా పక్కనుంచి, ఆదమ్ అనే ఊరు వచ్చేసరికి పచ్చదనం అయిపోయింది. ఆ తర్వాత నేల, ఆకాశం, మధ్యలో తారు.

ఈ దేశంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. ఆగిపోయిన బండి కుడి అంచున ఉంటుంది. సీజన్ కావడం వల్ల కుటుంబాలు కార్లలో సలాలాకి పోతున్నాయి. అక్కడ వానాకాలం. దాన్ని వాళ్లు ఖరీఫ్ అంటారు. మనకి ఖరీఫ్ అంటే వరినాట్లు, వాళ్లకి పిక్నిక్కు. ఆ ఎండకి టైర్లు పగిలి, ఇంజన్లు వేడెక్కి, దారిపొడవునా ఏదో ఒక కారు ఆగి ఉంటూనే ఉంది.

రాజన్న ప్రతిసారీ ఒకటే చేశాడు. దూరంగా ఆగిన బండి కనబడగానే అద్దంలో వెనక చూసుకోవడం, సిగ్నలు వేయడం, ఎడమ వరసలోకి జరగడం, దాటాక మళ్లీ కుడికి రావడం. ఎడమ వరస ఖాళీ లేకపోతే వేగం బాగా తగ్గించి నడిచినట్టు దాటేవాడు. ఒకసారి రోడ్డు పక్క పోలీసు కారు ఆగి ఉంటే ముందున్న బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎడమకు జరిగాయి. చూడటానికి ముచ్చటగా ఉంది.

ఇది చట్టమా, మర్యాదా అని కిశోర్‌కి ఫోన్ చేసి అడిగాను. అంబులెన్సుకీ పోలీసుకీ దారివ్వడం చట్టమేనని, మామూలు కారు ఆగి ఉంటే జరగడం సంగతి తనకి తెలియదని, కంపెనీ మాత్రం క్లాసు పెట్టి మరీ నేర్పుతుందని చెప్పాడు. రాజన్నని అడిగితే చట్టమే అన్నాడు. టీ కోసం ఆగినచోట పక్క బల్ల దగ్గర కూర్చున్న మలయాళీ ట్యాంకరు డ్రైవరు అదేం లేదు, బుద్ధి ఉండాలి అంతే అన్నాడు. టీ వంద బైసలు, అంటే మన ఇరవై రూపాయల పైమాట. యాలకులు దంచి వేసిన చిక్కటి టీ. చట్టం సంగతి తేలకుండానే లేచాం.

మన దగ్గర కూడా ఆగిన బండి పక్కన అందరం నెమ్మదిస్తాం. దారి ఇవ్వడానికి కాదు, ఏం జరిగిందో చూడటానికి.

హైమా

ఎడారి మధ్యలో పెట్రోలు బంకులు, గదులు అద్దెకిచ్చే హోటళ్లు, మసీదు. దానికే ఊరని పేరు. రాత్రికి అక్కడ ఆగాలని కంపెనీ ముందే రాసిపెట్టింది. బంగ్లాదేశీ నడిపే హోటల్లో పరోటా, పప్పు, వంజరం చేప వేపుడు తిన్నాం. సముద్రం ఎక్కడో ఉంది, చేప మాత్రం తాజాగానే ఉంది. నా గదిలో ఏసీ మోతకి నిద్ర పట్టలేదు. ఆపితే వేడికి పట్టలేదు. రాజన్న మాత్రం పొద్దున తలకి నూనె రాసుకుని పెళ్లికి వెళ్లేవాడిలా తయారై వచ్చాడు.

ఖత్బీత్ దాటాక

హైమా తర్వాత రోడ్డు పనులు జరుగుతున్నాయి. కొన్నిచోట్ల పోయే వరస ఒకటి, వచ్చే వరస ఒకటి, అంతే. ఖత్బీత్ అనే మజిలీ దాటాక గాలి మొదలైంది. రోడ్డు మీద ఇసుక పాకుతూ అడ్డంగా పోతోంది. దూరంగా వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా ఆనవాలు తెలియడం లేదు.

అలాంటి చోట ఒక తెల్లకారు ఆగి ఉంది. పనుల కోసం పక్కన తవ్వేశారేమో, అంచు అంతా కోసుకుపోయింది. అందువల్ల సగం కారు రోడ్డు మీదే ఉంది. వెనక టైరు పీలికలైంది. ముసలాయన ఒకాయన జాకీతో కుస్తీ పడుతున్నాడు. లోపల ఇద్దరు ఆడవాళ్లు, పిల్లలు.

రాజన్న ముందుకు పోయి బండి ఆపాడు. ఆఫీసుకి ఫోన్ చేసి, దారిలో కుటుంబం చిక్కుకుందని, సాయానికి ఆగానని చెప్పాడు. ఎడారిలో చిక్కుకున్నవాళ్లని చూసి వెళ్లిపోవడం ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. ఫోన్ చేసి చెబితే డబ్బా కూడా ఒప్పుకుంటుంది.

కంపెనీ ఇచ్చిన ఎర్ర త్రికోణాన్ని కారు వెనక దూరంగా నిలబెట్టాడు. గాలికి అది పడిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. అప్పుడు రాజన్న లారీ క్లీనరు రోజుల పని చేశాడు. పక్కన గుట్టగా పోసి ఉన్న రాళ్లలోంచి తలకాయంతవి ఏరి తెచ్చి, త్రికోణం కాళ్ల మీద ఒకటి పెట్టి, మిగతావి రోడ్డు మీద వంపుగా వరసపెట్టాడు. వెనకనుంచి వచ్చేవాడు ఆ వరస చూసి పక్కకి పోవాలి. మన జాతీయ రహదారుల మీద చెడిపోయిన ప్రతి లారీ వెనకా ఉండే ఏర్పాటే. అయితే మనవాళ్లు వేపకొమ్మ కూడా కడతారు. ఇక్కడ కొమ్మ దొరకదు. నేను కూడా రెండు రాళ్లు మోశాను. ఎంతో కాలానికి సొంత ఊరి పని చేసినట్టు అనిపించింది.

టైరు మార్చడం అయిపోయింది. ముసలాయనది అల్ సువైక్ అనే ఊరు, ఖర్జూరం తోటల రైతు. పేరు ఖమీస్ అని చెప్పాడు. మమ్మల్ని ఊరికే వదల్లేదు. కారు డిక్కీ తెరిచి, ఫ్లాస్కులోంచి కహ్వా అనే కాఫీ పోశాడు. పిడిలేని చిన్న గిన్నెలాంటి కప్పు, చేదుగా, యాలకుల వాసనతో. చేతిలో ఖర్జూరాలు. మర్యాదకి తాగేశాను. మళ్లీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. ఆ గాలిలో ఇసుక, కాఫీ కలిపి తాగుతూనే ఉన్నాను. ముసలాయన కళ్లలో కంగారు కనిపించింది, ఇతనికి దాహం తీరదేమిటా అని. చివరికి రాజన్న నవ్వు ఆపుకుంటూ "కప్పు జర ఊపుండ్రి సార్. ఊపకుంటే పోస్తనే ఉంటడు" అన్నాడు. ఊపాను. ముసలాయన హాయిగా ఫ్లాస్కు మూత పెట్టేశాడు. ఆడవాళ్లు కారులో నవ్వుకున్నారు.

ఆ నవ్వుల్లోనే అందరం సెలవు తీసుకున్నాం. రాజన్న త్రికోణం మడిచి బండిలో వేశాడు. ముసలాయన ముందు వెళ్లాడు, వెనక మేం.

చాలాదూరం వెళ్లాం. కాఫీ సంగతి తలచుకుని నవ్వుకుంటున్నాం. ఉన్నట్టుండి నా నోట్లోంచి, ఏ ఆలోచనా లేకుండా, పాత ఉద్యోగం అలవాటు కొద్దీ ఒక మాట వచ్చింది.

"రాజన్నా, రాళ్లు తీశామా?"

రాజన్న నవ్వు ఆగిపోయింది.

తీయలేదు. త్రికోణం కంపెనీది కనుక తీశాడు. రాళ్లు ఎవరివీ కావు. మన దగ్గరా ఇంతే. బండి బాగుపడిన సంతోషంలో లారీవాడు వెళ్లిపోతాడు, రాళ్లు రోడ్డు మీద ఉండిపోతాయి. పొద్దుగుంకాక స్కూటరు మీద ఎవడో వస్తాడు. అలాంటి కేసులు నా చేతిమీదుగా పోయాయి. గుద్దింది లారీ అయితే నంబరు ఉంటుంది, దానికి బీమా ఉంటుంది, ఎంతో కొంత వస్తుంది. రాయికి నంబరు ఉండదు. ఆ ఇంటివాళ్లకి అదే చెప్పి కాగితాలు తిరిగి ఇచ్చేసేవాణ్ని.

ఇదంతా రాజన్నకి చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. వేగం తగ్గించి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

"వెనక్కి తిప్పితే డబ్బా రాస్తుందా?" అని అడిగాను.

"రాస్తది. చెప్పిన రూటు విడిచి వాపస్ పోవద్దు. మూడోదైతది."

"ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పు."

"ఏమని జెప్పాలె సార్? రోడ్డు మీద రాళ్లు వెట్టి మర్చిపోయి వచ్చిన అని చెప్పాల్నా? అది ఇంకా పెద్ద తప్పు."

"పోలీసులకి చెబుదాం. పేరు చెప్పక్కర్లేదు."

"ఆళ్లు వచ్చేదాంక ఎవలు ఆగుతరు?"

అప్పుడు నేనన్న మాట రాయకపోతే బాగుంటుంది కానీ రాస్తున్నాను. "ఎవరో ఒకరు చూసి తప్పుకుంటార్లే రాజన్నా" అన్నాను. ఆయన నడుం గురించే ఆ మాట అన్నాను. అంటున్నప్పుడే అది నాకు అబద్ధంలా వినబడింది.

మరికాస్త దూరం పోయాక రాజన్న రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండి పక్కకి తీసి, అటూ ఇటూ చూసి, వెనక్కి తిప్పాడు. డబ్బా ఒకసారి కూత పెట్టింది.

మళ్లీ అదే చోట

దారిలో ఎదురొస్తున్న ప్రతి బండినీ ఇద్దరం వంగి చూస్తూ పోయాం. దాని బంపరు బాగానే ఉందా, టైరు బాగానే ఉందా అని. అద్దాల వెనక పిల్లలు, దిండ్లు, చాపలు, ఐస్ పెట్టెలు.

రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒకటి మాత్రం పక్కకి దొర్లి ఉంది. దాని మీద నల్లటి రబ్బరు గీత. ఎవరి టైరో అంచున తగిలి తప్పిపోయింది. ఆ గీత చూసి రాజన్న అక్కడే గొంతుకూర్చున్నాడు. ఒక్క క్షణమే. లేచి పనిలో పడ్డాడు.

నేను త్రికోణాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డాను. ముప్పై ఏళ్లు రోడ్డు పక్కన పడి ఉన్న బండ్లని చూశాను కానీ, నడుస్తున్న రోడ్డు పక్కన దిక్కులేకుండా నిలబడటం నాకు అదే మొదలు. బండి లోపల కూర్చున్నవాడికి పక్కకి జరగడం ఒక చిన్న పని. బయట నిలబడ్డవాడికి అది వేరు. ఇసుకలోంచి రెండు దీపాలు వస్తాయి. అవి ఎడమకు కదులుతాయా లేదా అని చూడటం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. ఒక ట్యాంకరు ఎంతో ముందునుంచే నెమ్మదించి ఎడమకు జరిగి పోయింది. ఆ డ్రైవరు మొహం కూడా కనబడలేదు. అయినా వాడికి దండం పెట్టాలనిపించింది. దాని వెనకే వచ్చిన పెద్ద కారు ఒకటి జరగలేదు. దాని గాలికి త్రికోణం నా చేతిలో గిర్రున తిరిగింది, నేను రెండడుగులు వెనక్కి పడ్డాను. భయం వేసింది. నాకు వెంటనే గుర్తొచ్చింది రాజన్న కాదు, మా ఆవిడ.

రాజన్న ఒక్కొక్క రాయినీ రోడ్డుకి దూరంగా, గుట్ట అవతలికి మోసుకెళ్లి వేశాడు. విసిరితే సరిపోయేది, విసరలేదు. నడుం పట్టుకుని నిలబడుతూ, మళ్లీ వంగుతూ, చివరిదాకా తానే మోశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

రైసూత్

థుమ్రైత్ దాటి కొండలు దిగుతుంటే ఎడారి ఒక్కసారిగా తెగిపోయి తెల్లటి పొగమంచు వచ్చింది. చినుకులు, పచ్చగడ్డి, తడిసిన ఆవులు. సినిమాలో రీలు మారినట్టుందని అంటారు, అదే. నేను సరిగా చూడలేదు.

రైసూత్‌లో రేవు, ఫ్యాక్టరీలు. కంపెనీ షెడ్డు దగ్గర సాలిం అనే ఒమానీ కుర్రాడు మా కోసం నిలబడి ఉన్నాడు. బండ్ల భద్రత అతని పని. తెల్లటి పొడుగు అంగీ, తలకి గుడ్డ, చేతిలో ఫోను. డబ్బా కూత అతనికి ముందే అందింది. ఎందుకు వెనక్కి వెళ్లావని హిందీలో అడిగాడు. గల్ఫులో అందరికీ అర్థమయ్యే హిందీ అది.

ఆకలేసిందనో, ఫోన్ మర్చిపోయాననో రాజన్న ఏదైనా చెప్పొచ్చు. ఏది చెప్పినా మూడో మార్కు మూడోదే కాబట్టి కాబోలు, ఉన్నదున్నట్టు చెప్పాడు. రాళ్లు పెట్టాను, మర్చిపోయాను, తీయడానికి వెళ్లాను.

నేను ఊరుకోలేకపోయాను. నా ఇంగ్లీషులో నా ఉద్యోగం, నా అనుభవం అంతా చెప్పి, ఇతను చేసిన పని వల్ల ఒక ప్రాణం నిలిచి ఉండొచ్చు, దీన్ని తప్పుగా రాయకూడదు అన్నాను. సాలిం శ్రద్ధగా విన్నాడు. నాకు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మీరు చెప్పింది నిజమే సార్ అన్నాడు. వెనక్కి వెళ్లడం మంచిపనే, రాళ్లు పెట్టడం మాత్రం తప్పు, పై ఆఫీసుకి రెండూ రాస్తాను అన్నాడు. ఆ తర్వాత రాజన్న వైపు తిరిగి చెయ్యి చాచాడు. రాజన్న తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. అరుపులు లేవు, బతిమాలడం లేదు. సాలిం ఆయన భుజం తట్టి లోపలికి వెళ్లాడు. పై ఆఫీసు మార్కు తీసేస్తుందేమోనని ఆశపడ్డాను. కిశోర్ కూడా కనుక్కున్నాడు. తీయలేదు.

ఆ సాయంత్రం అక్కడి కంపెనీ రూమ్‌ బయట రాజన్న పక్కన కూర్చుని, "నేను అడక్కపోయినా బాగుండేది" అన్నాను.

"అడగకుంటే నాకే యాదికొచ్చేది సార్, రాత్రి పండుకున్నంక. అప్పుడు పోదామన్నా పోరాకపోవు" అన్నాడు. చొక్కా పైకి లాగి, "జర ఆ నూనె సీస ఇటియ్యుండ్రి" అని నడుముకి రాసుకోవడం మొదలుపెట్టాడు.

సలాలా

సలాలాలో రోడ్డు పక్క గుడిసె కొట్లలో కొబ్బరిబోండాలు, అరటి గెలలు వేలాడదీసి అమ్ముతారు. అచ్చం మా కోనసీమే. ధర మాత్రం కాదు, బోండాం అర రియాలు, మన వంద రూపాయల పైనే. వాన అనేది పెద్దగా లేదు, చెమటలాంటి తుంపర. ఆ తుంపరలో తడవడానికి అరబ్బు కుటుంబాలు గడ్డి మీద చాపలు వేసుకుని కూర్చుంటాయి. మనం వానొస్తే ఇంట్లోకి పరిగెడతాం. వాళ్ల ఆనందం చూస్తే ఎండ ఎంత కాస్తే ఇంత ఆనందం వస్తుందో అనిపించింది.

తిరుగు ప్రయాణం విమానంలో. నన్ను ఎయిర్‌పోర్టులో దింపడానికి నర్సయ్య అనే నిజామాబాద్ డ్రైవరు వచ్చాడు. ఆ దారిలోనే సైట్ దగ్గర ఒక మనిషిని దింపాలట. వెనక సీట్లో రాజన్న ఎక్కాడు. తలమీద హెల్మెట్, ఒళ్లో గ్లౌజులు, నడుముకి వెడల్పాటి పట్టీ. "బాగున్నరా సార్" అన్నాడు. బాగున్నానన్నాను. సిగ్గుగా ఉంది, ఎవరి మీదనో తెలియని కోపం కూడా ఉంది.

మంచు రోడ్డు మీదకి దిగింది. నర్సయ్య ఏదో క్రికెట్ సంగతి చెబుతూ కుడి వరసలోనే పోతున్నాడు. ముందు ఎక్కడో రెండు లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. ఒక కారు, దాని వెనక వంగి టైరు చూసుకుంటున్న ఒక మనిషి. నర్సయ్య మాటల్లో ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి రాజన్న ముందుకు వంగి, సీటు పట్టుకుని అన్నాడు.

"నర్సన్నా, జర అటు జరుపు. మనిషున్నడు."

నర్సయ్య ఎడమకు జరిపాడు. రాజన్న వెనక్కి తిరిగి, ఆ మనిషి మంచులో కనబడకుండా పోయేదాకా అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు.